మెషీన్ మీద 200 డిగ్రీలు, అంగి మీద ఎన్ని?

చిన్నపిల్లల అంగి మీద సబ్లిమేషన్ బొమ్మ, అంటే కాగితం మీద అచ్చేసి హీట్ ప్రెస్ మెషీన్ వేడితో బట్టలోకి దింపే బొమ్మ, చెడితే ప్రింటింగ్ షాపుల్లో మొదటి తిట్లు ఇంకుకు పడతాయి, ఆ తర్వాత ప్రింటరుకు. ఇంకు బాటిల్ మారుస్తారు, హెడ్ క్లీనింగ్ కొడతారు, కంప్యూటర్లో రంగులు ఇంకాస్త ఎక్కిస్తారు. మళ్లీ అదే మచ్చ, అదే వెలిసిన మూల. పొద్దున పెద్దవాళ్ల టీషర్టు మీద కళకళలాడిన డిజైను, అదే ఇంకుతో సాయంత్రం రెండేళ్ల పిల్లాడి అంగి మీద చెడిందంటే తప్పు ఇంకుది కావడానికి అవకాశం చాలా తక్కువ. మారింది బట్ట సైజు. సైజు తగ్గేకొద్దీ బట్టలో చదునైన జాగా తగ్గిపోయి కుట్లు, మెడ పట్టీ, గుండీలు దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. హీట్ ప్రెస్‌కు కావలసింది మాత్రం చదునైన జాగా. సగానికి సగం తంటాలు ఇక్కడే పుడతాయి.

ఉత్తర తెలంగాణలో ఈ చిన్న బట్టల పని వేడుకల చుట్టూ తిరుగుతుంది. మొదటి పుట్టినరోజుకు బిడ్డ ఫొటోతో అంగి, తొట్టెల ఫంక్షన్‌కు పేరు వేసిన బట్టలు, వినాయక చవితికి మండపం పేరుతో బుడ్డోళ్ల టీషర్టులు, స్కూలు ఆటల పోటీలకు జెర్సీలు, మేడారం జాతర వచ్చిన ఏడు దస్తీలు, టోపీలు. అన్నీ పది, ఇరవై పీసుల ఆర్డర్లే. ఇంత తక్కువకు స్క్రీన్ ప్రింటింగ్ ఫ్రేములు కట్టిస్తే గిట్టుబాటు కాదు. A4 కాగితం పట్టే ప్రింటరు, 15 అంగుళాల హీట్ ప్రెస్ ఉంటే హన్మకొండలోనైనా, హుజూరాబాద్‌లోనైనా ఒక్క గదిలో పని నడుస్తుంది. అయితే ఇరవై పీసుల్లో మూడు పాడైతే లాభం మొత్తం ఆ మూడింట్లోనే పోతుంది. అందుకే ఏ లోపం ఎక్కడి నుంచి వస్తుందో వరుసగా పట్టుకోవడం తెలియాలి.

పూజ గూట్లో పెట్టిన కర్పూరం బిళ్ల కరిగి నీరు కాకుండానే రోజురోజుకూ తరిగిపోతుంది. ఘనం నేరుగా ఆవిరవుతుంది. సబ్లిమేషన్ ఇంకులో ఉండే డిస్పర్స్ రంగుల నడక కూడా ఇదే, కాకపోతే వాటికి దాదాపు 180 నుంచి 210 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కాగితం మీద అచ్చైన రంగు ఆ వేడికి ఆవిరై, బట్టకు ఆనుకుని ఉన్నచోట దారంలోకి దూరుతుంది. పాలిస్టర్ దారం 80 డిగ్రీల దగ్గరే లోపల వదులవడం మొదలుపెడుతుంది, 255 దాటితే గానీ కరగదు. ఈ రెండింటి మధ్య, వదులైన దారంలోకి రంగు ఆవిరి చొరబడి, చల్లారగానే లోపలే బందీ అవుతుంది. అందుకే సరిగ్గా దిగిన సబ్లిమేషన్ ప్రింటు చేతికి తగలదు, పెచ్చులూడదు, ఉతికినా పోదు. దిగని ప్రింటును తర్వాత బాగుచేయలేకపోవడానికీ ఇదే కారణం.

ఆవిరికి దూరం అంటే పడదు. కాగితానికీ బట్టకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా ఆవిరి పక్కలకు చెదిరి అంచు మసకబారుతుంది. ఆ సందు ఇంకాస్త పెరిగితే వేడి కూడా సరిగా అందక రంగు వెలిసినట్టు వస్తుంది. మెషీన్ మీద కనిపించే అంకె ప్లేటు లోపలి సెన్సర్ చెప్పే అంకె. బట్టకు ఎంత అందిందన్నది ఆ సెన్సర్‌కు తెలియదు. చిన్న బట్టల విషయంలో ఈ రెండు అంకెల మధ్య తేడాయే అసలు సమస్య.

ముందు బట్ట సంగతి

వరంగల్‌కు పత్తితో పాత బంధం. 1934లో పుట్టిన ఆజంజాహీ మిల్లు ఇప్పుడు లేకపోయినా ఏనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు వస్తూనే ఉన్నాయి. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు కూడా ఈ పత్తిని చూసుకుని వచ్చిందే. ఇంత పత్తి ఉన్న నేల మీద నిలబడి చెప్పాల్సిన మాట ఏమిటంటే సబ్లిమేషన్‌కు పత్తి పనికిరాదు. డిస్పర్స్ రంగును పట్టి ఉంచుకునే గుణం పత్తి దారానికి లేదు. ప్రెస్ తీసిన వెంటనే బొమ్మ కనిపిస్తుంది, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకోవచ్చు కూడా. రెండు ఉతుకులకు అది సర్ఫ్ నీళ్లతో పాటు పోతుంది.

దీన్ని బట్టి లోపం ఏ జాతిదో తేల్చుకోవచ్చు. అంగి ఇచ్చిన రోజు బొమ్మ బాగుండి, ఉతికాక వెలిస్తే తప్పు బట్టది, అందులో పత్తి ఉంది. ఇచ్చిన రోజే వెలిసి ఉంటే చాలావరకు వేడి, తడి, ఒత్తిడి, ఈ మూడింట్లో ఏదో ఒకటి చెడి ఉంటుంది. రెండు ఫిర్యాదుల్లోనూ వినిపించేది 'రంగు పోయింది' అనే మాటే కాబట్టి, ఎప్పుడు పోయిందని అడగకుండా మెషీన్ జోలికి పోవడం దండగ.

పిల్లల బట్టల్లో ఈ మోసం ఎక్కువ జరుగుతుంది. మార్కెట్లో లేబుల్ లేని తెల్ల అంగీలు చాలా దొరుకుతాయి. మ్యాటీ పేరుతో వచ్చేవాటిలో పూర్తి పాలిస్టర్‌వి ఉంటాయి, పత్తి కలిసినవీ ఉంటాయి. స్పన్ పాలిస్టర్ అయితే చేతికి అచ్చం కాటన్‌లాగే ఉంటుంది, అది మంచిదే కానీ తడిమి తేడా కనిపెట్టలేం. అగ్గిపుల్ల పరీక్ష అన్నిటికన్నా నమ్మదగ్గది. లోపలి కుట్టు దగ్గర మిగులు బట్టలోంచి రెండు పోగులు లాగి అంటిస్తే పాలిస్టర్ ముడుచుకుపోయి, కరిగి, గట్టి నల్లపూసలా మిగులుతుంది. పత్తి కాగితంలా మండి, వేళ్లతో నలిపితే పొడైపోయే బూడిదవుతుంది. రెండూ కలిసి ఉంటే బూడిదలో గట్టి పలుకులు తగులుతాయి. కుట్టు దారం వేరు, బట్ట దారం వేరు అని మరిచిపోకుండా బట్ట పోగునే అంటించాలి. కుట్టుకు కాటన్ దారం వాడిన అంగీల మీద బొమ్మంతా బాగా వచ్చి, కుట్టు గీత ఒక్కటే ఉతికాక తెల్లగా తేలుతుంది. చాలామంది దాన్ని ప్రింటింగ్ లోపం అనుకుంటారు.

తెల్లవి, బాగా లేత రంగువి తప్ప వేరే బట్ట మీద ఈ పని కుదరదని కూడా గిరాకీకి ముందే చెప్పాలి. ఈ ఇంకుల్లో తెల్ల రంగు ఉండదు. పసుపు అంగి మీద నీలం బొమ్మ వేస్తే ఆకుపచ్చ వస్తుంది.

లైక్రా కలిసిన బట్టలు మరో తలనొప్పి. పిల్లల లెగ్గింగులు, బిగుతు బనీన్లలో సాగే దారం ఉంటుంది. 200 డిగ్రీలకు అది పచ్చబడవచ్చు, సాగే గుణం కోల్పోవచ్చు. వాటికి వేడి పది పదిహేను డిగ్రీలు తగ్గించి, సమయం కొంచెం పెంచి ముందు ఒక శాంపిల్ తీయడమే దారి. రిబ్ అల్లిక, సాక్సుల్లో ఇంకో చిక్కు ఉంది. ప్రెస్ కింద ముడుచుకుని ఉన్నప్పుడు పైన కనిపించే పోగులకే రంగు అందుతుంది. కాలికి తొడిగి సాగదీస్తే సందుల్లోంచి తెలుపు బయటపడుతుంది. అందుకే సాక్సులను కాలి ఆకారపు పలక మీద సాగదీసి తొడిగి ప్రింటు వేస్తారు.

తడి

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వచ్చే ఫిర్యాదుల్లో సగం తడి వల్లే వస్తాయంటే అతిశయోక్తి కాదు. చవితి ఆర్డర్లు సరిగ్గా ఆ ముసురులోనే పడతాయి. పాలిస్టర్ నీరు పీల్చదని అందరికీ తెలుసు, కానీ కాగితం పీల్చుతుంది. సబ్లిమేషన్ కాగితం మీద ఇంకును పైపైనే ఆపడానికి ఒక పూత ఉంటుంది. ప్యాకెట్ విప్పి ట్రేలో వదిలేసిన కాగితం రాత్రికి రాత్రే గాలిలోని చెమ్మ లాగేసుకుంటుంది. 200 డిగ్రీల ప్లేటు దాని మీద పడగానే ఆ చెమ్మ ఆవిరై, రంగు ఆవిరిని తనతో పాటు పక్కలకు తోస్తుంది. అప్పుడు అక్షరాల అంచులు ఈకల్లా విచ్చుకుంటాయి, నిండు రంగు ఉన్నచోట మరకలు మరకలుగా వస్తుంది, అక్కడక్కడా నీలం చాయ ఎక్కువవుతుంది. పైగా ఆ తడి ఆరడానికే ప్లేటు వేడి కొంత ఖర్చైపోతుంది కాబట్టి బట్టకు అందాల్సింది తగ్గుతుంది.

మందు చాలా తేలిక, కానీ ఆర్డర్లు మీద పడినప్పుడు ఎక్కువ షాపులు వదిలేసేది కూడా ఇదే. బొమ్మ పెట్టే ముందు ఉత్త అంగిని ఐదు నుంచి పది సెకన్లు ప్రెస్ చేసి, తెరిచి, ఆవిరి పోనివ్వాలి. ఇందువల్ల తడి పోవడమే కాదు, ముడతలు చదునవుతాయి, కుంచించుకుపోయే బట్ట అయితే ఆ పని ముందే చేసేస్తుంది. బొమ్మ కింద ఉండగా బట్ట కుంచిస్తే కాగితం ఒకవైపు, బట్ట ఒకవైపు జరిగి అంచులు డబుల్ వస్తాయి. ప్రింటు తీసిన కాగితాన్ని కూడా వెంటనే వాడకుండా, ఇంకు పూర్తిగా ఆరనివ్వాలి. నలుపు, ముదురు ఎరుపు నిండుగా ఉన్న డిజైన్లకు ముసురు రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ సమయం పడుతుంది. మిగిలిన కాగితాన్ని గాలి చొరని కవర్లో పెట్టాలి.

ప్రెస్ మీద ఏం కప్పుతున్నారన్నది కూడా చూడాలి. టెఫ్లాన్ షీటు గాలి ఆడనివ్వదు, కింద తడి ఉంటే లోపలే బంధిస్తుంది. పూత లేని మామూలు తెల్ల కాగితం తడిని కొంత పీల్చి బయటికి వదులుతుంది. పాత న్యూస్ పేపర్ కప్పే అలవాటు ఊళ్లలో ఇంకా పోలేదు. దాని అచ్చు సిరా వేడికి మసిగా దిగి అంగి మీదా, ప్లేటు మీదా మిగులుతుంది. కిలో పాత పేపర్లలో మిగిలేది ఎంతో గానీ ఒక్క తెల్ల అంగి ఖరీదుకు సరిపోదు.

కుట్టు ఎత్తు, ప్లేటు చదును

ఏడాది పిల్లల అంగి ముందుభాగం ఇంచుమించు A4 కాగితమంత ఉంటుంది. అంటే 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవున్న కాగితం దాని మీద పెడితే నాలుగు వైపులా ఏదో ఒక కుట్టు మీదికి ఎక్కుతుంది. పైన మెడ పట్టీ, పక్కన భుజం కుట్టు, కింద మడత కుట్టు, చంటిపిల్లల బట్టలైతే తొడల దగ్గర టిచ్ బటన్లు. ప్లేటు కిందికి దిగినప్పుడు ముందు ఈ ఎత్తైన చోట్లే తగులుతాయి. ఒత్తిడంతా అవే మింగి, పక్కనున్న పల్లపు భాగం గాలిలో ఉండిపోతుంది. కుట్టు పక్కన వేలు వెడల్పున తెల్లగా మిగిలే గీత పుట్టేది ఇలాగే. దాన్ని చూసి ఒత్తిడి మర బిగిస్తే కుట్టు దగ్గర బట్ట మెరుపెక్కి అణగారిపోతుంది, గీత మాత్రం పోదు.

ఎత్తుపల్లాలను ఒత్తిడితో అణచలేం, కుట్లను పల్లంలోకి దింపాలి. అంగి లోపలికి, డిజైను కన్నా అర అంగుళం పెద్దగా ఉండే మెత్తను దూర్చితే బొమ్మ పడే భాగం పైకి లేస్తుంది, కుట్లు మెత్త అంచు దాటి కిందికి జారతాయి. టెఫ్లాన్ తొడుగున్న హీట్ ప్రెస్ పిల్లోలు చిన్న సైజుల్లో కూడా దొరుకుతాయి. వేడికి ఓర్చే సిలికాన్ ఫోమ్‌ను కావలసిన కొలతకు కోసి వాడుకున్నా సరే. టీవీ డబ్బాలో వచ్చే తెల్ల ఫోమ్, పరుపు ఫోమ్ వాడితే అవి కరిగి అంగికి అతుక్కుంటాయి. కార్టన్ అట్టముక్క దూర్చేవాళ్లు కూడా ఉన్నారు, దానిలోని అలలు బొమ్మలో చారలుగా దిగుతాయి. పిల్లో లేకపోతే అంగిని ప్రెస్ కింది పలక అంచుకు జరిపి, కాలర్, గుండీలు పలక బయట వేలాడేలా వేయడం రెండో దారి. టిచ్ బటన్ల విషయంలో ఇది తప్పదు. ప్లాస్టిక్‌వి వంకరపోతాయి, లోహానివి ప్లేటు పూతకు గాటు పెడతాయి.

పై ప్లేటు వెనక కీలు మీద మొసలి నోరులా తెరుచుకునే మెషీన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. మందం ఉన్న వస్తువు పెట్టినప్పుడు కీలు వైపు ముందుగా నొక్కుకుంటుంది, మనవైపు వదులుగా మిగులుతుంది. పిల్లో పెట్టి ఒత్తిడి సరిచేయకుండా వదిలేస్తే బొమ్మ తల ముదురుగా, కాళ్లు లేతగా వస్తాయి. పై ప్లేటు పక్కకు తిరిగి నేరుగా కిందికి దిగే రకంలో ఈ బాధ తక్కువ. కొత్తగా మెషీన్ కొనేవాళ్లు, పిల్లల బట్టలే ఎక్కువ వేస్తామనుకుంటే, మగ్గులు, ప్లేట్లు, టోపీలు అన్నీ కలిపి ఇచ్చే కాంబో మెషీన్ ఆశ పక్కన పెట్టి ఈ రకానికి డబ్బు పెట్టడం మేలు.

కాగితం అంచు చతురస్రంగా అచ్చుపడటం కూడా ఒత్తిడి జబ్బే. కాగితం మందం చిన్నదే అయినా, వేడికి మెత్తబడ్డ పాలిస్టర్ మీద దాని అంచు గీత దిగిపోతుంది. పెద్ద టీషర్టులో అది ఎక్కడో మూలకు పోతుంది, చిన్న అంగి మీద ఛాతీ నడిమధ్య కనిపిస్తుంది. ఒత్తిడి తగ్గించాలి. కాగితం అంచులను కత్తెరతో నీట్‌గా కోయకుండా చేత్తో చించితే అంచు పలచబడి గీత పడదు. లేదంటే, A3 పట్టే ప్రింటరు ఉంటే, A3 కాగితం తీసుకుని అంగి దాటి బయటికి వచ్చేలా పరచాలి. చిన్న బట్ట కావడం వల్ల కలిసొచ్చే అరుదైన సందర్భం ఇది. పడిపోయిన గీతను ఆవిరి ఇస్త్రీతో కొంతవరకు లేపవచ్చు, మెరుపెక్కిన బట్టను మాత్రం లేపలేం.

వీటన్నిటికన్నా తెలివైన పని కుట్టకముందే ప్రింటు వేయడం. టైలర్‌కు కొదవ లేని ఊళ్లు మనవి. ముందు పన్నా, వెనక పన్నా, చేతులు కోయించి, చదునైన బట్ట మీద ప్రింటు వేసి, తర్వాత కుట్టిస్తే కుట్టు ఎత్తు అన్న మాటే రాదు, చంకల కింద తెల్ల ముడతలు రావు. జెర్సీలు తయారు చేసే పెద్ద యూనిట్లు చేసేది ఇదే. బట్ట కోసం చాలా దూరం పోనక్కర లేదు. సిరిసిల్ల మరమగ్గాల మీద పాలిస్టర్ బట్ట ఏళ్ల తరబడి నేస్తున్నారు, 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు కూడా ఎక్కువగా పాలిస్టర్ నూలువే. అయితే మగ్గం దిగిన బట్టను నేరుగా తెచ్చి ప్రెస్ కింద పెడితే చెడుతుంది. దానికి నేతలో పట్టించిన పూతలు, నూనె మరకలు ఉంటాయి, వేడికి కుంచించుకుపోతుంది. ప్రాసెసింగ్‌లో కడిగి, తెల్లబరచి, హీట్ సెట్ చేసిన, అంటే ఇక కుంచించుకోకుండా ముందే వేడి పెట్టిన బట్టే కావాలి. నేత బట్టకు సాగే గుణం ఉండదు కాబట్టి బనీను రకం అంగీలకు కాకుండా దస్తీలకు, కండువాలకు, గౌన్లకు ఇది బాగుంటుంది.

వేడి లెక్క

పాలిస్టర్ అంగికి మామూలుగా చెప్పే కొలత 195 నుంచి 205 డిగ్రీలు, 45 నుంచి 60 సెకన్లు, తేలిక నుంచి మధ్యస్థ ఒత్తిడి. అంకెలు అందరికీ తెలిసినవే. ఆ అంకె ప్లేటు అంతటా ఉందా, ప్రతి పీసుకూ ఉందా అన్నదే చూడాలి.

15 అంగుళాల ప్రెస్‌లు చాలావరకు 1400 నుంచి 1800 వాట్ల కరెంటు తాగుతాయి. 1800 వాట్లంటే 230 ఓల్టుల దగ్గర దాదాపు 8 ఆంపియర్లు. దీన్ని 16 ఆంపియర్ల సాకెట్‌కు నేరుగా పెట్టాలి. కంప్యూటర్, ప్రింటర్, ఫ్యాన్ పెట్టిన సన్న వైరు జంక్షన్ బాక్సుకే ప్రెస్‌నూ తగిలిస్తే వైరు వేడెక్కుతుంది, ప్లేటుకు అందాల్సిన ఓల్టేజీ దారిలోనే పడిపోతుంది. హీటింగ్ కాయిల్ ఇచ్చే వేడి ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 కావలసిన చోట 200 వస్తే వేడి నూటికి 13 కాదు, దాదాపు 24 వంతులు తగ్గుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో ఊరంతా కూలర్లు, ఏసీలు నడిచే వేళ, పొలాల మోటార్లు ఒకే లైన్ మీద ఉన్న పల్లెల్లో, ఇలా పడిపోవడం మామూలే. తెర మీద 200 చేరుతుంది, కానీ చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, ప్రతి చల్లటి అంగికీ కొంత వేడి ఇచ్చేసి మళ్లీ కోలుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఆర్డర్ తొందరలో ఒకటి తీసి ఒకటి పెడుతూ పోతే మొదటి అంగి బాగుండి ఎనిమిదోది లేతగా వస్తుంది. పీసు పీసుకూ మధ్య తెర మీది అంకె మళ్లీ పైకి వచ్చేదాకా ఆగడం తప్ప దీనికి చిట్కా లేదు.

దీనికి తిరగబడ్డ లక్షణం కూడా ఉంది. మొదటి అంగి లేతగా వచ్చి మిగతావి బాగుంటే కింది రబ్బరు పలక చల్లగా ఉందని అర్థం. పని మొదలుపెట్టే ముందు ఖాళీ ప్రెస్‌ను కాసేపు మూసి ఉంచితే సరిపోతుంది.

ప్రతిసారీ ఒకే మూల లేతగా వస్తోందా? ప్లేటులో కాయిల్ దూరంగా ఉన్న చోట వేడి తక్కువ ఉండొచ్చు. అనుమానం తీర్చుకోవడానికి ఒక పాత పాలిస్టర్ బట్ట మీద ప్లేటంత పెద్ద నిండు నలుపు చతురస్రం వేసి చూడాలి. ఎక్కడ నలుపు మిగతా చోట్లకన్నా లేతగా తేలితే అక్కడ వేడి తక్కువ. చేతి తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచేవాళ్లు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. నల్ల టెఫ్లాన్ పూత ఉన్న ప్లేటు మీద అది ఇంచుమించు సరిగానే చూపుతుంది. పూత లేని, మెరిసే అల్యూమినియం మీద అసలు వేడికన్నా చాలా తక్కువ చూపుతుంది. ఆ అంకె నమ్మి ప్లేటు వేడి పెంచితే తెల్ల అంగి పచ్చబడుతుంది.

వాడేసిన కాగితాన్ని చెత్తబుట్టలో వేసే ముందు ఒక్కసారి చూడటం అలవాటైతే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే. బాగా దిగిన బొమ్మ తాలూకు కాగితం మీద పాలిపోయిన నీడ మాత్రమే మిగులుతుంది. కాగితం ఇంకా ముదురుగా ఉందంటే రంగు బట్టలోకి పోలేదు, వేడో సమయమో చాలలేదు. కాగితం పాలిపోయింది, అయినా అంగి మీద లేతగా ఉంది అంటే రంగు వెళ్లింది కానీ నిలవలేదు, బట్టను అనుమానించాలి. కాగితం మీద ఒకచోట ముదురు, ఒకచోట లేత ఉంటే అదే ఒత్తిడి పటం. అది అచ్చం కుట్ల ఆకారంలో కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఎక్కువసేపు కాల్చితే మంచిదనుకోవడం కూడా పొరపాటే. సమయం దాటాక లోపలికి దిగిన రంగు మళ్లీ కదలడం మొదలుపెడుతుంది. గీతలు ఉబ్బుతాయి, చిన్న అక్షరాలు కలిసిపోతాయి, నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. తొట్టెల బట్టల మీద బిడ్డ పేరు కింద సన్నటి అక్షరాల్లో తేదీ వేయమంటారు కదా, ముందు చెడేది అదే.

నీడలు, చుక్కలు, అవతలి వైపు మరకలు

బొమ్మ పక్కన లేత నీడలా ఇంకో బొమ్మ వస్తే, షాపు భాషలో డబుల్ వస్తే, అది ప్రెస్ తెరిచిన క్షణంలో జరిగిన పని. ప్లేటు పైకి లేస్తూ కాగితాన్ని తనతో కొంచెం లేపి వదులుతుంది. బట్ట ఇంకా వేడిగానే ఉంటుంది, కాగితంలో మిగిలిన రంగు ఇంకా ఆవిరవుతూనే ఉంటుంది, అది పడిన కొత్త చోట రెండో బొమ్మ వేస్తుంది. వేడికి ఓర్చే టేపుతో కాగితాన్ని బట్టకు అతికించాలి, ప్రెస్‌ను ఎగిరేలా కాకుండా నెమ్మదిగా తెరవాలి, కాగితాన్ని ఒక మూల నుంచి ఒకే ఊపులో తీసేయాలి. మూల ఎత్తి తొంగి చూసి మళ్లీ వదిలితే డబుల్ రాక మానదు. మామూలు సెల్లో టేపు పనికిరాదు, కరిగి అంటుకుంటుంది. బట్టల కోసం జిగురు పూత ఉన్న సబ్లిమేషన్ కాగితం దొరుకుతుంది. పిల్లల అంగీలకు దాని ఖరీదు ఎక్కువ అనిపించినా టేపు అతికించే జాగాయే లేని చోట అదే గతి.

నీలం, ఎరుపు సన్న చుక్కలు, చిన్న దారపు ముక్కల్లాంటి మచ్చలు ధూళి వల్ల వస్తాయి. గాలిలో తేలే పోగు ఒకటి అంగి మీద వాలితే దానికున్న రంగు వేడికి బట్టలోకి ముదురు గీతగా దిగుతుంది. జిగురు రోలర్ ఒకసారి తిప్పితే చాలు. ఒకే బల్ల మీద బట్ట కోసి, అక్కడే ప్రింటు వేసే షాపుల్లో ఇది తప్పకుండా వస్తుంది.

ముందు వేసిన బొమ్మ వెనక పన్నా మీద తేలడం పలచటి డ్రై ఫిట్, సన్న రంధ్రాల డాట్ నిట్ బట్టల్లో సహజం. రంధ్రాల్లోంచి ఆవిరి అవతలికి పోతుంది. అంగి లోపల, పిల్లో మీద కూడా, శుభ్రమైన తెల్ల కాగితం పెట్టాలి, ప్రతి పీసుకూ మార్చాలి. మార్చకపోతే నిన్నటి గణపతి తొండం ఇవాళ పుట్టినరోజు అంగి లోపలివైపు కనిపిస్తుంది. టెఫ్లాన్ షీటుకూ రంగు అంటుకుని ఉంటుంది, దాన్నీ తుడుస్తూ ఉండాలి. వేడి చల్లారకముందే అంగీలను ఒకదానిపై ఒకటి దొంతర పెట్టడం కూడా మానాలి, కింది అంగి బొమ్మ పై అంగి వీపుకు అంటుతుంది.

ఇక ప్రింటరు సంగతి. చెప్పడానికి ఎక్కువ లేదు. కాగితం మీద రంగులు పాలిపోయి కనబడటం సబ్లిమేషన్ ఇంకు లక్షణమే, ప్రెస్ అయ్యాకే అసలు రంగు తెలుస్తుంది, కాబట్టి కాగితం చూసి రంగులు పెంచకూడదు. బిడ్డ ముఖం ఎర్రగా, పచ్చగా వస్తే రంగుల ప్రొఫైల్ (ఆ ఇంకుకు రంగులు ఎలా దిద్దాలో చెప్పే ఫైలు) సరిపోలేదని, లేదా డిజైన్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్ రెండూ ఒకేసారి రంగులు దిద్దుతున్నాయని అనుమానించాలి. ఏదో ఒకటే దిద్దాలి. అడ్డ చారలు వస్తే, ఇంకు చిమ్మే రంధ్రాలు మూసుకున్నాయేమో తెలిపే నాజిల్ చెక్ తీయాలి. మే నెల ఎండలకు వారం పాటు ఆపేసిన ప్రింటరులో ఇంకు ఎండిపోవడం వింతేమీ కాదు, రోజూ ఒక రంగుల పేజీ తీస్తే ఆ బాధ ఉండదు. బొమ్మ అద్దంలోలా తిప్పి ప్రింటు తీయడం మరిచిపోతే తెలుగు అక్షరాలు తిరగబడతాయి. ఆ పీసు ఇంటి పిల్లలకే.

నెలల పిల్లలకు ఈ ప్రింటు వేసిన పాలిస్టర్ అంగి ఎంతవరకు తగునన్న ప్రశ్న కూడా ఉంది. వరంగల్‌లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చెమట పీల్చని బట్ట చంటిబిడ్డకు ఫొటో దిగే గంటసేపు పర్వాలేదు, రోజంతా కాదు. కాటన్ అంగే కావాలని పట్టుబట్టేవాళ్లకు పత్తి మీద రంగు నిలుస్తుందని అమ్మే సబ్లిమేషన్ స్ప్రేలు కొట్టి ఇవ్వడం కన్నా డీటీఎఫ్ ఫిల్మ్ (బొమ్మను ఫిల్మ్ మీద అచ్చేసి వేడితో బట్టకు అంటించే పద్ధతి) లేదా స్క్రీన్ ప్రింటు వేయించి ఇవ్వడం నిజాయితీ. డీటీఎఫ్ బొమ్మ బట్ట మీద పొరలా చేతికి తగులుతుంది, పెద్ద బొమ్మైతే గాలి ఆడదు, కాబట్టి చిన్న బొమ్మ, పేరు వరకే వేయమని చెప్పాలి.

చెడిన ప్రింటును తీసే మందు లేదు. దారం లోపలికి వెళ్లిన రంగును సర్ఫ్, బ్లీచ్ ఏదీ కదిలించదు. రెండోసారి అదే బొమ్మను సరిగ్గా దాని మీదే పెట్టి ప్రెస్ చేయాలని చూస్తే అంచులు కలవవు. చిన్న మచ్చ అయితే దాని మీద ముదురు నక్షత్రమో పువ్వో వేసి కప్పేయవచ్చు, గిరాకీకి చెప్పి ఒప్పుకుంటేనే. ఇరవై పీసుల ఆర్డర్‌కు ఇరవై రెండు బట్టలు తెప్పించి ఆ రెండింటి ఖర్చు రేటులోనే కలుపుకోవాలి. ఎక్కువ తెప్పించే ఆ రెండూ ఆర్డర్‌లోని అతి చిన్న సైజువై ఉండాలి, చెడేవి ఎక్కువగా అవే.